ఒళ్లంతా కొవ్వు కరిగిపోయే జబ్బు: క్లెయిమ్ ఇవ్వనంటే?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయికి 17 ఏళ్లు. ఎనిమిదో ఏట నుంచి టైప్ 1 షుగర్ ఉంది. ఆ సంగతి ప్రపోజల్ ఫారంలో రాసే ఆరేళ్ల కిందట ఆరోగ్య బీమా తీసుకున్నాం, ఏటా రెన్యువల్ చేస్తున్నాం. ఈమధ్య ముఖం, చేతులు, కాళ్లలో కొవ్వు కరిగిపోతుంటే లైపోడిస్ట్రఫీ అన్నారు. ఆస్పత్రిలో చేర్చి, ఇమ్యూనిటీని అణిచే మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్ ఇచ్చారు. బిల్లు 4 లక్షలు. 'షుగర్ వల్ల వచ్చిందే, పైగా రుజువు కాని వైద్యం' అని కంపెనీ క్లెయిమ్ తిప్పికొట్టింది. ఏం చేయాలి?

జవాబు: మొదటి కారణం నిలవదు. ముందే ఉన్న జబ్బుకైనా వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బు క్లెయిమ్ కోసం ఆగాల్సిన గడువు) 36 నెలలు దాటకూడదని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. అంతకుముందు అది 48 నెలలు. ఎలా లెక్కేసినా మీకు గడువు తీరిపోయింది.

అసలు నా అనుమానం వేరే. ఇన్సులిన్ పొడిచిన చోట గడ్డ కట్టినా, గుంట పడినా దాన్నీ లైపోడిస్ట్రఫీ అనే రాస్తారు. ఫైలు చూసినవాళ్లు ఇదీ అదే అనుకున్నారేమో! డిశ్చార్జ్ సమ్మరీలో ఆ ఒక్క మాటే ఉంటే, డాక్టరుగారితో వివరంగా లెటర్ రాయించుకోండి. ఇది ఏ రకం లైపోడిస్ట్రఫీ, షుగర్‌తో దీనికి సంబంధం ఏమిటి, ఈ మందే ఎందుకు, అడ్మిట్ చేయాల్సిన అవసరం ఏమిటి, ఇవన్నీ అందులో ఉండాలి.

రెండో కారణం దగ్గరే అసలు తగాదా. పనిచేస్తుందనడానికి తగినన్ని వైద్య ఆధారాలు లేని చికిత్సకు డబ్బు ఇవ్వమని పాలసీల్లో 16వ మినహాయింపు ఉంటుంది. ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బుకు వేలమంది మీద పరీక్షలు ఎవరు తేగలరు? వైద్య పత్రికల్లో వచ్చిన ఇలాంటి కేసుల వివరాలు డాక్టరుగారిని అడిగి జతచేయండి. మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్‌ను కవర్ చేయాల్సిన ఆధునిక చికిత్సల జాబితాలో 2019లోనే ఐఆర్‌డీఏఐ చేర్చింది. ఆ మాట గట్టిగా రాయండి. అయితే దానికి మీ పాలసీలో విడిగా పరిమితి ఉందేమో చూసుకోండి, ఉంటే అంతవరకే వస్తుంది.

ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఏడాదిలోగా ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు (మా వృత్తికి నష్టమే, అయినా చెబుతున్నా). అక్కడ కాకుంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, దానికి గడువు రెండేళ్లు. కమిషన్‌లో కేసు నడుస్తుంటే మాత్రం అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు.