కార్పొరేట్ ఆసుపత్రిలో కన్సల్టెంట్‌గా చేరే ముందు అగ్రిమెంట్‌లో ఏం చూడాలి?

డీఎం (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) అయిపోయింది, హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రి మొదటి ఏడాది నెలకు కనీసం ఇంత అని మినిమం గ్యారంటీ (ఎంజీ) ఇస్తామంటోంది, సంతకం పెట్టవచ్చా అని అడిగారు. నేనూ గ్యాస్ట్రో కన్సల్టెంట్‌నే. అంకె ఎంతన్నది తర్వాత, ముందు దాన్ని ఎలా లెక్క కడతారో చూడండి.

మీ ఫీజుల వాటా ఎంజీని దాటిన నెలలో పైమొత్తం మీకే ఇస్తారా? తగ్గిన నెలలో వాళ్లు కలిపి ఇచ్చిన తేడాను తర్వాత కోసుకుంటారా? కోసుకునేట్టయితే అది అప్పు కిందే లెక్క. ఏడాది తర్వాత ఎంజీ ఆగిపోతుంది కాబట్టి ఓపీ, వార్డు రౌండ్లు, ఎండోస్కోపీ, ఈఆర్‌సీపీ (పిత్తనాళానికి ఎండోస్కోపీతో చేసే ప్రొసీజర్) దేనికెంత శాతమో ఇప్పుడే అనెక్షర్‌లో, అంటే అగ్రిమెంట్‌కు జత చేసే కాగితంలో, రాయించుకోండి. ఆ శాతం మొత్తం బిల్లు మీదా, మందులు, డిస్పోజబుల్స్ తీసేశాకా? ఇన్సూరెన్స్ వాళ్లు కోత పెడితే ఎవరి వాటాలోంచి పోతుంది? ఆరోగ్యశ్రీ డబ్బు వచ్చేదాకా మీరూ ఆగాలా? నేను పనిచేసిన ఒకచోట యాజమాన్యం రోగికిచ్చిన డిస్కౌంట్‌ను కూడా డాక్టర్ల వాటాలోనే తగ్గించేవారు. అది చాలా అన్యాయం, కానీ అగ్రిమెంట్‌లో అలాగే రాసి ఉంది.

ఇది జీతం కాదు. 10 శాతం టీడీఎస్ పోతుంది, పీఎఫ్, గ్రాట్యుటీ ఉండవు.

మానేశాక ఫలానా కిలోమీటర్ల లోపల ప్రాక్టీస్ చేయకూడదన్న షరతు చూసి టెన్షన్ పడకండి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు అలాంటివి సాధారణంగా నిలవవు. అయినా తీసేయమనే అడగండి, లీగల్ నోటీసు వస్తే మనశ్శాంతి పోతుంది. పనిచేస్తున్నంత కాలం వేరేచోట రోగులను చూడకూడదన్న షరతు మాత్రం చెల్లుతుంది. సాయంత్రం సొంత క్లినిక్ ఆలోచన ఉంటే ముందే అనుమతి రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి.

ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ (చికిత్సలో పొరపాటు జరిగిందని రోగి కేసు వేస్తే ఆదుకునే బీమా) మేమే చూసుకుంటాం అంటారు. కన్స్యూమర్ కేసు వేయడానికి రెండేళ్ల గడువుంటుంది, ఆలోపు మీరు ఇంకో ఆసుపత్రికి మారిపోవచ్చు. ఈ పాలసీలు ఎక్కువగా క్లెయిమ్ వచ్చిన రోజున అమల్లో ఉంటేనే పనికొస్తాయి. కాబట్టి మీ పేరు మీద సొంత పాలసీ తీసుకుని, మధ్యలో తెగకుండా రెన్యూ చేసుకుంటూ ఉండండి.

ఇది అందరికీ ఒకటే ఫార్మాట్ డాక్టర్ గారూ, మార్చలేం అంటారు హెచ్‌ఆర్ వాళ్లు. ఫార్మాట్ మారకపోయినా అనెక్షర్ మారుతుంది, అది యూనిట్ హెడ్ చేతిలో ఉంటుంది. ఆయనతో మాట్లాడి, ఒప్పుకున్నవన్నీ అదే రోజు మెయిల్ పెట్టండి. నోటీసు పీరియడ్ మీకు మూడు నెలలు, వాళ్లకు నెల అని ఉంటే ఇద్దరికీ సమానం చేయమని కూడా అందులోనే రాయండి.