ఏ ఊరి జట్టు?

సందేహం: కౌంటర్ స్ట్రైక్ అనే కంప్యూటర్ ఆట ఆడే ఫేజ్ క్లాన్‌ను మా అబ్బాయి ‘అమెరికా జట్టు’ అంటాడు. 2022లో ఆ ఆటలో పెద్ద టోర్నీ అయిన యాంట్‌వర్ప్ మేజర్ గెలిచిన అయిదుగురిలో అమెరికావాడు ఒక్కడూ లేడు కదా, ఆ మాట తప్పు కాదా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: తప్పు కాదు. ‘అమెరికావాళ్ల జట్టు’ అంటే మాత్రం పట్టుకోండి.

‘అమెరికా జట్టు’ షష్ఠీ తత్పురుషం. రెండింటికీ ఏదో సంబంధం ఉందని చెబుతుందే గాని, ఏ సంబంధమో చెప్పదు. సంస్థ అక్కడిదా, ఆట అక్కడా, ఆడేవాళ్లు అక్కడివాళ్లా అన్నది సమాసం తేల్చదు. ‘వాళ్ల’ చేరిందంటే మనుషుల లెక్క మొదలైనట్టే. మీరన్న అయిదుగురూ డెన్మార్క్, నార్వే, ఎస్టోనియా, లాత్వియా, కెనడాల నుంచి ఒక్కొక్కరు. సంస్థ అమెరికాది. అర్హత పోటీలు ఆడింది యూరప్‌లో. ఎక్కువమంది ఆటగాళ్లు ఎక్కడివాళ్లయితే జట్టు అక్కడిదని ఆ ఆటలో లెక్క.

లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఇంకో కంప్యూటర్ ఆటలో లెక్క వేరు. 2014లో ప్రకటించిన నియమం ప్రకారం అయిదుగురిలో ముగ్గురైనా ఆ ప్రాంత నివాసులు కావాలన్నారు. ఏ దేశంలో పుట్టావని కాదు, ఎక్కడ ఉంటున్నావని అప్పుడు చూశారు. ఆసియా క్రీడలకు వెళితే మళ్లీ పౌరసత్వమే.

మనకిది కొత్తేం కాదు. సంక్రాంతి కబడ్డీలో పక్క మండలం నుంచి తెచ్చుకున్న కూతగాడు గెలిపిస్తే మైకులో ‘మా ఊరి జట్టు’. ఓడితేనే ‘ఆడు మనోడు కాడెహె’ అని గుర్తొస్తుంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు పుట్టింది బెంగళూరులో. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు వచ్చారు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన ఫిడేలు విజయనగరానిది కాదని ఇక్కడెవరితోనైనా అని చూడండి!

‘మాది ఇజీనారం’ అన్నవాణ్ని వెంటనే ‘అసలు ఊరేది?’ అని అడుగుతాం చూశారా, ఆ ‘అసలు’ ఉన్నది ఈ తికమక తీర్చడానికే. పుట్టిన ఊరికీ ఉంటున్న ఊరికీ ‘మాది’ ఒక్కటే సరిపోతుంది మరి.

‘అమెరికన్ జట్టు’ అని మాత్రం రాయకండి. ఆ మాట వినగానే ఆటగాళ్లే అమెరికన్లనిపిస్తుంది. పట్టింపుగా రాయాల్సివస్తే ‘తరఫున’ అనే మాట ఉండనే ఉంది: ‘అమెరికా సంస్థ తరఫున ఆడే యూరప్ జట్టు’. ఆ కెనడా కుర్రాడు ఏమనుకుంటాడో మరి! మ్యాచ్ మధ్యలో అంత పొడుగు మాట నోరు తిరగదు. మీవాణ్ని ‘ఫేజ్’ అనే అరవనివ్వండి.