ఆరో తరగతికి జెడ్పీ బడి: చేర్పించే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా మునుగోడు దగ్గర పల్లె. పాప ప్రైవేటు బడిలో ఐదో తరగతి పూర్తి చేసింది. ఆరో తరగతికి మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ హైస్కూల్లో వేద్దామనుకుంటున్నాం. ఆ బడి మంచిదో కాదో ఎట్లా తెలుసుకోవాలి?

జవాబు: బడికి పోయే ముందు మీ ఊళ్లోనే ఒక పని చేయండి. నిరుడు ఆ బడిలో ఆరు, ఏడు చదివిన ఇద్దరు ముగ్గురు పిల్లల ఇళ్లకు వెళ్లి వాళ్ల లెక్కల నోటు పుస్తకాలు అడగండి. ముందు తేదీలు చూడండి. దసరా, సంక్రాంతి సెలవులు పోను పుస్తకం సాగుతూ ఉండాలి. నవంబరులో ఆగి ఫిబ్రవరిలో మళ్లీ మొదలైతే, ఆ పిల్ల పత్తి ఏరడానికి పోయి ఉండవచ్చు, లేదా లెక్కలు చెప్పే సారే లేకపోయి ఉండవచ్చు. అందుకే ఒక్క పుస్తకం సరిపోదు. ముగ్గురి పుస్తకాల్లోనూ ఒకే చోట ఖాళీ ఉంటే లోపం బడిదే.

తర్వాత ఎర్ర సిరా చూడండి. తప్పు లెక్క మీద కూడా టిక్కు కొట్టి కింద సంతకం ఉంటే ఎవరూ చదవలేదన్నమాట. తప్పిన మెట్టు దగ్గర గీత ఉండి, కింద పిల్ల మళ్లీ చేసి ఉంటే ఆ టీచరు దగ్గర మీ పాపకు చదువు వస్తుంది.

బడి జూన్ 12న తెరుస్తారు. మొదటి వారం బడిబాట (పిల్లల్ని బడిలో చేర్పించే కార్యక్రమం) హడావిడి ఉంటుంది కాబట్టి అది దాటాక, మధ్యాహ్న భోజనానికి గంట ముందు వెళ్లండి. ఆలస్యమైతే సీటు పోతుందన్న బెంగ వద్దు. ఎనిమిదో తరగతి దాకా ఆలస్యంగా వచ్చారని చేర్చుకోకపోవడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు.

హెడ్మాస్టరు గారిని పదో తరగతి రిజల్టు ఒక్కటే అడిగి వచ్చేయకండి. పదిలో ప్రత్యేక తరగతులు పెట్టి గట్టెక్కిస్తారు. ఆరులో పాఠం ఎవరు చెబుతారన్నదే మీకు కావాలి. ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచరు ఉండాలన్నది చట్టం. ఆ లెక్క సరిపోయిన బడిలోనూ గణితం స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరు) పోస్టు ఖాళీగా ఉండొచ్చు. కాబట్టి గణితం, ఇంగ్లిష్, భౌతికశాస్త్రం పోస్టులు నిండాయా, ఖాళీ ఉంటే డిప్యుటేషన్ మీద వేరే బడి నుంచి వచ్చేవాళ్లు వారంలో ఎన్ని రోజులు వస్తారు అని విడివిడిగా అడగండి. టైంటేబుల్ చూపించమనండి.

పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉంటుంది. క్లాసులో ఏ భాషలో వివరిస్తారు, పరీక్ష ఏ భాషలో రాయిస్తారు అన్నది పిల్లల్నే అడగండి.

మన మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది కాబట్టి నీళ్ల సంగతి వదలొద్దు. తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లా, బోరు నీళ్లా? వంటకు ఏవి వాడుతున్నారు? బోరైతే ఫ్లోరైడ్ పరీక్ష చేయించారా అని అడగండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచి తాగితే పోతుందనుకోవద్దు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. భోజనమయ్యాక అమ్మాయిల మరుగుదొడ్డి చూడమని పాప వాళ్ల అమ్మకు చెప్పండి: నల్లాలో నీళ్లు రావాలి, లోపల గొళ్లెం పడాలి. ఈ రెండూ లేకపోతే ఆడపిల్లలు పొద్దంతా నీళ్లు తాగకుండా ఉంటారు, తర్వాత బడి మానేస్తారు.

పైచదువు కోసం ఒక్క ప్రశ్న: ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ (కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్) పరీక్ష ఎంతమందితో రాయించారు? కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటని ప్రభుత్వ బడి పిల్లలు ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. దరఖాస్తు బడి ద్వారానే పోవాలి. ఒక్కరితోనూ రాయించని బడిలో పిల్లల భవిష్యత్తు పట్టించుకునేవాళ్లు తక్కువని నేననుకుంటాను.

బస్సు కూడా చూసుకోండి. పల్లెవెలుగు బస్సులో పాపకు టికెట్ డబ్బులు అక్కర్లేదు గానీ, బడి వదిలాక మీ ఊరికి బస్సు ఎన్నింటికి ఉందో కనుక్కోండి.

అన్నీ సరిపోతే పాత బడి నుంచి టీసీ గానీ రికార్డు షీటు గానీ తీసుకోండి, పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత విద్యా నంబరు) రాయించుకోండి. ఫీజు బాకీ అని టీసీ ఆపినా కొత్త బడి చేర్చుకోవాల్సిందే. పుట్టిన తేదీ, ఇంటిపేరు ఆధార్‌లో, టీసీలో ఒకేలా ఉన్నాయా అక్కడే సరిచూడండి. పదో తరగతి మెమోలోకి తప్పు ఎక్కాక దిద్దించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి.