ఎన్గోజీ ఒకోంజో-ఇవేలా నైజీరియా ఆర్థిక మంత్రిగా అసలు ఏం సాధించారు?

ఇప్పుడు ప్రపంచ వాణిజ్య సంస్థ అధిపతిగా అందరికీ తెలిసినా, ఆవిడ సత్తా తెలియాలంటే 2003 నుంచి చూడాలి. ప్రపంచ బ్యాంకులో పనిచేస్తున్న ఆవిడను ఆ ఏడాది అధ్యక్షుడు ఒబసాంజో ఆర్థిక మంత్రిగా పిలిపించుకున్నారు.

అప్పట్లో పారిస్ క్లబ్ దేశాలకు, అంటే అప్పులిచ్చిన ధనిక దేశాల బృందానికి, నైజీరియా బాకీ దాదాపు 3,000 కోట్ల డాలర్లు. 2005లో ఆవిడ నడిపిన బేరంతో 1,800 కోట్లు మాఫీ అయ్యాయి, మిగతా 1,200 కోట్లు దేశం కట్టేసింది. కట్టడానికి డబ్బెక్కడిదంటే, చమురుదే. బడ్జెట్‌లో చమురు ధరను కావాలనే తక్కువగా వేసుకుని, అంతకు మించి వచ్చినదాన్ని విడిగా దాచే పద్ధతి పెట్టారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇంకోటి. ఏ రాష్ట్రానికి, ఏ స్థానిక ప్రభుత్వానికి కేంద్రం నుంచి ఎంత వెళ్తోందో నెలనెలా పేపర్లలో అచ్చు వేయించారు. ఇంత డబ్బు వస్తే మా ఊరికి రోడ్డేది అని అడిగేందుకు జనం చేతికి లెక్క దొరికింది. అక్కడ రాష్ట్రాలను నడిపేది ఎన్నికైన గవర్నర్లే; వాళ్లకు అది రుచించి ఉంటుందా!

2011లో మళ్లీ అదే పదవి. ఈసారి పెట్రోల్ సబ్సిడీ అక్రమాలపై పడ్డారు. 2012 డిసెంబరులో ఎనభై దాటిన వాళ్లమ్మను కిడ్నాప్ చేసి, కూతురు రాజీనామా చేయాలన్నారు. ఆవిడ చేయలేదు. 5 రోజులకు తల్లి క్షేమంగా బయటపడ్డారు.

అయితే 2015లో దిగిపోయేసరికి ఆ చమురు పొదుపు చాలావరకు కరిగిపోయింది. పంచేయమని గవర్నర్ల ఒత్తిడి ఉన్నమాట నిజమే కానీ, విమర్శ ఆవిడకూ తప్పలేదు.