హైకోర్టులో సీనియర్ అడ్వకేట్‌కు ప్రత్యేక హోదా ఎందుకు?

“మా ఆస్తి కేసు హైకోర్టుకు వెళ్ళింది. సీనియర్ అడ్వకేట్‌ను పెట్టుకోమని మా లాయరు గారు అంటున్నారు. న్యాయవాదులందరూ సమానమే అయినప్పుడు ఈ ప్రత్యేక హోదా ఎందుకు?” అని మీరు అడిగారు. జిల్లా కోర్టులోనూ, అవసరమైనప్పుడు హైకోర్టులోనూ వాదించే న్యాయవాదిగా చెబుతున్నాను: సమానం కాదు, కాదని చట్టమే అంటోంది. 1961 నాటి న్యాయవాదుల చట్టం 16వ సెక్షనులో మమ్మల్ని సీనియర్లు (అంటే సుప్రీంకోర్టు గాని హైకోర్టు గాని ఆ హోదా ఇచ్చినవారు), ఇతరులు అని రెండుగా విభజించి, ఎవరి మాట ముందు వినాలో 23వ సెక్షనులో వరుస కూడా పెట్టింది. ఈ ఏర్పాటు చెల్లదని వేసిన పిటిషన్‌ను 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది కనుక, ప్రస్తుతానికి చట్టపరంగా ఆ చర్చ ముగిసినట్టే.

అయితే నన్ను బాధించేది సీనియర్లు వేసుకొనే ప్రత్యేక గౌను కాదు. కోర్టు సమయం ఎవరికి ఎంత దొరుకుతుందన్నదే నా బాధ.

కొన్నేళ్ళ క్రితం ఒక రైతు పొలానికి వెళ్ళే బండ్ల దారిని, పక్కన వెంచరు వేసినవారు మూసివేస్తే, కింది కోర్టులో ఇంజంక్షన్ తెచ్చుకున్నాము. అవతలివారు హైకోర్టుకు వెళ్ళి, ఆ హోదా ఉన్న సీనియర్‌ను పెట్టుకొని, దాని మీద స్టే తెచ్చుకున్నారు. ఆ స్టే ఎత్తివేయాలని మేము వేసిన పిటిషన్ విచారణకు వచ్చేనాటికి చేను కోతకు వచ్చింది గాని, కోత మిషను పొలంలోకి దిగడానికి దారి లేదు. ఆ రైతు రాత్రి బస్సెక్కి నాతో పాటు వచ్చి, హాలులో చివరి బెంచీ మీద కూర్చున్నారు.

ఉదయం మా కేసు పిలవగానే అవతలి పక్షం జూనియర్ లేచి, సీనియర్ గారు మరో హాలులో వాదనలో ఉన్నారు, పాస్‌ఓవర్ (కేసును పక్కన పెట్టి అదే రోజు తరువాత పిలవడం) ఇప్పించండి అన్నాడు. న్యాయమూర్తి గారు తల ఊపారు, కేసు పక్కకు వెళ్ళింది. అరగంట గడవకముందే మరో కేసు పిలిచారు. దాని న్యాయవాది ఇటీవలే ప్రాక్టీసు మొదలుపెట్టిన ఒక యువతి. ఆమె కూడా ఆ సమయానికి పై అంతస్తు హాలులో మరో కేసు చెప్పుకొంటోంది. నా పక్కనున్న న్యాయవాది ఆమె తరఫున లేచి, అదే కారణం చెప్పి, అదే పాస్‌ఓవర్ అడిగారు. కేసు నడిపే ఉద్దేశం ఉన్నట్టు లేదన్న వ్యాఖ్యతో ఆ కేసును డిఫాల్టు కింద, అంటే న్యాయవాది హాజరు కాలేదని, కొట్టివేశారు. ఆమె ఫైలు పట్టుకొని పరుగున వచ్చేసరికి తరువాతి కేసులో వాదనలు సాగుతున్నాయి. ఇక ఆమె కేసును తిరిగి తెరవమని రిస్టోరేషన్ పిటిషన్ వేసుకోవాలి, దానికి అఫిడవిట్ తయారు చేయాలి, తన తప్పేమీ లేదని కక్షిదారును నమ్మించుకోవాలి.

మా కేసును మళ్ళీ పిలిచేసరికి మూడున్నర దాటింది. సీనియర్ గారు వచ్చి, రైతుకు మరో దారి ఉందని చాలా చక్కగా వాదించారు; వారి ప్రతిభను నేను కాదనను. ఆ రెండవ దారి నిజానికి వానాకాలంలో పారే కాలువ అని స్థలం చూసి రమ్మని కింది కోర్టు పంపిన న్యాయవాది, అంటే అడ్వకేట్ కమిషనర్, నివేదికలో స్పష్టంగా ఉంది. నేను ఆ పేజీ తీసి చదవబోయేసరికి కోర్టు వేళ ముగిసింది. రెండు వారాలు వాయిదా వేసి, అంతవరకు స్టే కొనసాగుతుందన్నారు. మెట్లు దిగుతూ ఆ రైతు, “ఆయన రాలేదని పొద్దున ఆపారు, ఆయన వచ్చారని ఇప్పుడు ఆపారు. మరి మన మాట ఎప్పుడు వింటారు ప్లీడరు గారూ?” అన్నారు. వాయిదా వచ్చేలోగా ఆయన కూలీలతో కోయించి, పక్క పొలంవారిని బతిమాలి, పనలను గట్ల మీదుగా మోయించుకున్నారు. స్టే తరువాత ఎత్తివేశారు గాని, ఆ కూలి ఖర్చు ఆయనకు ఎవరిస్తారు?

ఇందులో కుట్ర ఏదీ లేదు. సీనియర్‌కు పాస్‌ఓవర్ ఇవ్వాలని గాని, జూనియర్‌కు ఇవ్వకూడదని గాని ఏ సెక్షనులోనూ లేదు. 23వ సెక్షను ముందు ఎవరు మాట్లాడాలో చెప్పింది తప్ప, రెండవవాడి సమయాన్ని కూడా మొదటివారికే ఇవ్వమనలేదు. అలవాటుగా వచ్చిన ఇటువంటి అధికారం రాసిపెట్టిన అధికారం కంటే గట్టిదని నా నమ్మకం, ఎందుకంటే దానిని సవాలు చేస్తూ పిటిషన్ వేయడానికి కూడా వీలుండదు.

ఈ అంతరాలు నిన్నటివి కావు. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరూ డబ్బూ సంపాదించిన టంగుటూరి ప్రకాశం పంతులు గారంతటివారు కూడా, ఆ పట్టాతో మద్రాసు హైకోర్టులో వాదించే వీలు లేక, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరై 1907లో తిరిగి వచ్చారు. వకీళ్ళు, ప్లీడర్లు, ముఖ్తార్లు అన్న పాత అంతస్తులను 1961 చట్టం తొలగించి, అందరినీ అడ్వకేట్లను చేసింది; చేస్తూనే 16వ సెక్షనుతో ఒక కొత్త మెట్టు కట్టింది.

ఆ మెట్టు ఎక్కే పద్ధతి గురించి కూడా కొంత చెప్పాలి. 2017లో న్యాయవాది ఇందిరా జైసింగ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు వంద మార్కుల విధానం పెట్టి, వాదించిన కేసుల తీర్పులకు 40 మార్కులు కేటాయించింది. 2023లో వాటిని 50 చేసింది. నోరు విప్పే అవకాశం దొరికినవారికే తీర్పులో పేరు వస్తుంది; సీనియర్ తన పేరిట వకాల్తా వేయకూడదు, పిటిషన్ రాయకూడదు కనుక, రాత్రంతా కూర్చొని డ్రాఫ్టు రాసేది వేరొకరు. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ మార్కుల విధానాన్ని రద్దు చేసి, నిర్ణయాన్ని హైకోర్టుల ఫుల్ కోర్టుకు (న్యాయమూర్తులందరి సమావేశానికి) అప్పగిస్తూ, ట్రయల్ కోర్టు న్యాయవాదులను కూడా పరిగణించాలని చెప్పింది. మా జిల్లా బార్‌లో దీని మీద చాలా చర్చ జరిగింది గాని, తెల్లవారితే సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్ ఉన్నవారికి దరఖాస్తు నింపే తీరిక ఎక్కడిది? మహిళల సంగతి మరీ అన్యాయం. 1977లో లీలా సేథ్ గారికి సుప్రీంకోర్టు ఈ హోదా ఇచ్చాక, రెండవ మహిళగా ఇందూ మల్హోత్రా గారికి దక్కడానికి 2007 దాకా పట్టింది.

అసలు తేడా హోదా రాకముందే, మొదటి మూడు నాలుగేళ్ళలోనే తేలిపోతుంది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వాలని సూచించింది. అది సూచన మాత్రమే, ఆజ్ఞ కాదు. తండ్రిదో మామదో ఆఫీసు ఉన్న కుర్రవాడు ఆ ఏళ్ళను ఓపికగా దాటుతాడు. ఊరి నుంచి వచ్చి హాస్టల్ అద్దె కట్టుకొనేవాడు మధ్యలోనే ఏదో ఒక కంపెనీ ఉద్యోగం చూసుకొంటాడు. అటువంటివారిలో నాకంటే మంచి వాదనాపటిమ ఉన్నవారిని చూశాను.

ఇక మీ కేసు సంగతి. చట్టంలోని చిక్కు ప్రశ్న ఉంటే సీనియర్‌ను పెట్టుకోండి, ఆ డబ్బు వృథా కాదు. కేవలం వాస్తవాల మీద, కాగితాల మీద నడిచే కేసయితే, ఫైలు మొదటి నుంచి చూసిన మీ లాయరు గారినే వాదించమనండి. సీనియర్‌నే పెట్టుకొనేటట్టయితే, వారు మరో హాలులో ఉన్నప్పుడు పాస్‌ఓవర్ అడుగుతారా, లేక మీ లాయరు గారే లేచి వాదిస్తారా అన్నది ముందే తేల్చుకోండి. ఆ ఫీజు చాలావరకు హాజరైన రోజు లెక్కన ఉంటుంది కనుక, వాయిదా పడిన రోజుకు కూడా ఇవ్వాలో లేదో అప్పుడే మాట్లాడుకోండి.