కొత్త కుర్రాళ్లు, 1981 నాటి మోత

ప్రశ్న: నేను ఐరన్ మెయిడెన్, జూడాస్ ప్రీస్ట్ లాంటి బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్లు వింటూ పెరిగినవాణ్ణి. ఈమధ్య మా అక్క కొడుకు ఎన్‌ఫోర్సర్ అనే స్వీడన్ బ్యాండ్ వినిపిస్తే ఏ 1981 రికార్డో అనుకున్నాను, తీరా చూస్తే 2010లో వచ్చిందట! ఇది సంగీతమా, వేషమా?
– ఓ బ్యాంకు ఉద్యోగి, రాజమండ్రి

జవాబు: వేషం కూడా ఉందండీ, కాదనను. తోలు జాకెట్లు, బిగుతు ప్యాంట్లు, బుల్లెట్ బెల్టులు అన్నీ పద్ధతి ప్రకారమే వేసుకుంటారు. అయితే మీరు బోల్తా పడింది ఫొటో చూసి కాదు కదా, పాట విని. ఓలోఫ్ విక్‌స్ట్రాండ్ 2004లో అర్వికా అనే చిన్న ఊళ్లో ఒక్కడే మొదలెట్టిన బ్యాండ్ ఇది, డ్రమ్స్ వాయించేది ఆయన తమ్ముడు జోనస్. 2008లో మొదటి ఆల్బమ్, మీరు విన్నది రెండోది, 'డైమండ్స్' అయ్యుంటుంది.

ఈసారి రెండు గిటార్ల మీద చెవి పెట్టి వినండి. ఒకటి షడ్జమం మీద ఉంటే రెండోది గాంధారం పట్టుకుని, అలా మూడో స్వరం దూరంలో రెండూ కలిసి నడుస్తాయి. కింద లయేమో మెయిడెన్ అలవాటు చేసిన గుర్రపు పరుగు, మన ఛందస్సులో చెప్పాలంటే ఒక గురువు, రెండు లఘువులు, వరసపెట్టి భగణాలే! ఈ వ్యాకరణం ఎవరైనా నేర్చుకోవచ్చు, నేర్చుకున్న బ్యాండ్లు బోలెడున్నాయి, వాటిలో చాలావాటి పాట అయిపోయాక ఒక్క ట్యూనూ నోట్లో ఆడదు. ఎన్‌ఫోర్సర్‌కి ట్యూన్ కట్టడం వచ్చు, నా లెక్కలో తేడా అంతే. 2019 నాటి 'జెనిత్' మాత్రం మెత్తబడిపోయింది, నాకు ఎక్కలేదు.

స్వీడన్‌లోనే ఇన్ని బ్యాండ్లేమిటని కూడా అడుగుతారేమో. అక్కడ మునిసిపాలిటీలే పిల్లలకి సంగీతం బళ్లు నడుపుతాయి, ప్రాక్టీసు గదులకి సర్కారు సొమ్ముతో నడిచే సంఘాల సాయం దొరుకుతుంది. పైగా 1983 నాటికే హెవీ లోడ్ లాంటి సొంత బ్యాండ్లు ఉన్నాయి కాబట్టి ఇది వాళ్లకి పూర్తిగా అరువు సరుకేం కాదు.

ప్రశ్న: లాప్‌టాప్‌లోనే అంత శుభ్రమైన సౌండ్ వస్తుంటే పనిగట్టుకుని పాత సౌండ్ కోసం తంటాలెందుకు?
– ఓ ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: శుభ్రమే చిక్కు తమ్ముడూ. ఇప్పటి మెటల్ రికార్డుల్లో చాలావాటికి డ్రమ్మర్ కొట్టిన ప్రతి దెబ్బనీ కంప్యూటర్‌లో తాళానికి గీసిన గీతల మీదికి జరిపి సరిచేస్తారు, ఆపైన ఆ దెబ్బ తీసేసి ముందే రికార్డు చేసి దాచిపెట్టిన దెబ్బ, అదే శాంపిల్, అతికిస్తారు, దాంతో పది బ్యాండ్ల డ్రమ్స్ ఒకేలా వినిపిస్తాయి. పాత రోజుల్లో డ్రమ్మర్‌కి ఊపొస్తే కోరస్ దగ్గర కాస్త వేగం పెరిగేది, అదలాగే టేపు మీద ఉండిపోయేది.

అయితే అప్పటివాళ్లు ఇదంతా సిద్ధాంతం పెట్టుకుని చేశారనుకోకు, జేబులో డబ్బుల్లేకే. 1978 డిసెంబర్ చివర్లో మెయిడెన్ కుర్రాళ్లు కేంబ్రిడ్జ్‌లోని ఓ స్టూడియోలో డెమో, అంటే నమూనా పాటలు, రికార్డు చేసుకుని, మాస్టర్ టేపు (అసలు రికార్డింగు) కొనే స్తోమత లేక వదిలేసి వెళ్తే, రెండు వారాల తర్వాత వచ్చేసరికి అది చెరిపేసి ఉంది. చేతిలో మిగిలిన కాపీతోనే ఆ తర్వాత 5,000 రికార్డులు వేసి అమ్ముకున్నారు! జూడాస్ ప్రీస్ట్ 1980లో 'బ్రిటిష్ స్టీల్' చేసేటప్పుడు శాంపిల్స్ ఎక్కడివి, 'మెటల్ గాడ్స్' పాటలో ఇనుప మనుషుల అడుగుల చప్పుడు కావాల్సొచ్చి చెంచాలూ ఫోర్కులూ ఉన్న ట్రే పట్టుకుని ఊపారు. అప్పుడు వేరే దారి లేక చేసిన పని, ఇప్పటివాళ్లు చేతిలో అన్నీ ఉండి కోరి చేస్తున్నారు. అందుకే కొందరు దుమ్మూ ధూళీ కూడా అతిగా పూసి, పాటని పాత క్యాసెట్‌లా గరగరలాడిస్తారు చూడు, అది నాకు విసుగు. రికార్డు పాతగా వినిపించక్కర్లేదు, వాయించింది మనుషులని తెలిస్తే చాలు.

ప్రశ్న: మన దేశంలో ఇలాంటి బ్యాండ్ ఉందా?
– ఓ గృహిణి, నెల్లూరు

జవాబు: ఉందమ్మా, పక్కనే బెంగళూరులో. క్రిప్టోస్, 1998 నుంచీ వాయిస్తున్నారు. గిటార్లు అచ్చం ఎనభైలవే, గొంతు మాత్రం బొంగురు అరుపు, కొత్తలో కాస్త కష్టమే. 2016 నాటి 'బర్న్ అప్ ది ఇమేజ్'తో మొదలెట్టండి, అది నచ్చితే 2024లో వచ్చిన 'డెసిమేటర్' వినండి.