ఎండోస్కోపీ నార్మల్, మరి ముద్ద ఎందుకు దిగట్లేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 54 ఏళ్లు. ఆరేడు నెలలుగా చపాతీ, ఇడ్లీ తింటే రొమ్ము మధ్యలో ఆగిపోయినట్టుంటోంది అంటుంది, నీళ్లు తాగితేగానీ దిగదు. ఎండోస్కోపీ నార్మల్. ఇప్పుడు మానోమెట్రీ అని ముక్కులోంచి పైపు వేసే టెస్ట్ రాశారు, అమ్మేమో భయపడి వద్దంటోంది. తప్పదా? మందులతో తగ్గదా?

జవాబు: ఎండోస్కోపీ నార్మల్ అంటే గడ్డ, పుండు, ఇరుకు లాంటివి కనపడలేదని, అంతవరకు మంచిదే. (బయాప్సీ ముక్క తీశారో లేదో అడగండి, అలర్జీ వల్ల వచ్చే వాపు కొన్నిసార్లు అందులోనే తేలుతుంది.) కానీ అన్నవాహిక ఉత్త గొట్టం కాదమ్మా, మింగిన ముద్దని కండరాలు పైనుంచి కిందకి అలలా నొక్కుకుంటూ పోవాలి, ఆ నొక్కుడు చాలుతోందా లేదా అన్నది కెమెరాతో తెలీదు. అందుకే మానోమెట్రీ. మత్తివ్వరు, జెల్ రాసి సన్నటి పైపు దింపుతారు, దిగేటప్పుడు కళ్లల్లో నీళ్లొస్తాయి, డోకొచ్చినట్టుంటుంది, అబద్ధం చెప్పను, కానీ ఆ కాసేపే. తర్వాత పడుకోబెట్టి 5 మిల్లీలీటర్ల చొప్పున పదిసార్లు నీళ్లు మింగిస్తారు. ఈ టెస్ట్ ఫలితాలు చదవడానికి డాక్టర్లు వాడే, 2021లో వచ్చిన చికాగో పద్ధతి ప్రకారం ఆ మింగుళ్లలో 70 శాతానికి మించి బలహీనంగా ఉన్నా, సగం అసలు కదలకపోయినా కదలిక వీక్ అని రాస్తారు. నన్నడిగితే ఇంకో కారణానికే ఈ టెస్ట్ చేయించమంటాను, అకలేషియా ఉందో లేదో తేలిపోతుంది. అందులో కింది వాల్వు తెరుచుకోదు, వైద్యం పూర్తిగా వేరు, అది తెలీక గ్యాస్ మాత్రలతో ఏళ్లు గడిపేసినవాళ్లున్నారు.

వీక్ అనే వస్తే, ఆ కండరానికి మళ్లీ బలం తెప్పించే మందు ఇప్పటికైతే లేదు. పుల్లటి తేన్పులు, మంట ఉంటే పాంటాప్రజోల్ లాంటిది టిఫిన్‌కి అరగంట ముందు ఇస్తాం, అది యాసిడ్‌కే, కదలికకి కాదు. మిగతాదంతా తిండి దగ్గరే. పొడి చపాతీ బదులు చారన్నం, మజ్జిగన్నం, చిన్న ముద్దలు, బాగా నమిలి మధ్యమధ్యలో గుక్కెడు నీళ్లు, నిటారుగా కూచుని. రాత్రి భోజనానికీ పడకకీ మూడు గంటలు తేడా ఉండాలి, తలగడలు పెంచడం కాదు, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టండి. మాత్రలు గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, అవీ కదలికని చెడగొడతాయి.

చలికి అమ్మ వేళ్లు తెల్లగా, నీలంగా మారుతున్నాయా, చర్మం బిగుసుకుంటోందా చూడండి, అలా ఉంటే స్క్లెరోడెర్మా (చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు) రక్తపరీక్షలు కావాలి. బరువు తగ్గినా, నీళ్లు కూడా దిగకపోయినా ఆగొద్దు.

టెస్ట్ రోజు ఖాళీ కడుపుతో వెళ్లాలి కాబట్టి షుగర్ మాత్రలు వేసుకుంటుంటే ముందే అడగండి.